ఇచ్చట చట్టం అమ్మబడును

బట్టల కొట్టు యజమాని గుమాస్తా చేత ఆదివారం కూడా పని చేయించుకుని, "చట్టంలో అలా ఉందని నాకు తెలీదండీ" అంటే లేబర్ ఆఫీసరు నమ్మకపోయినా మనం నమ్ముతాం. పాపం, ఆయన అమ్మేది చీరలు. కానీ చట్టాన్నే సరుకుగా పెట్టి దుకాణం తెరిచినవాడు, ఏ ఒప్పందంలో ఏ మూల ఏ మెలిక దాగుందో నిమిషంలో పట్టేస్తానని దేశదేశాల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాడు, తన ఉద్యోగుల దగ్గరికొచ్చేసరికి చట్టం పేరే విననట్టు నటిస్తే అతన్ని ఏమనాలి? నాకు తోచిన మాట అచ్చుకు పనికిరాదు. కాబట్టి మర్యాదగా లీగల్ టెక్ స్టార్టప్ ఫౌండరు గారు అంటాను.

మాదాపూర్ అద్దాల మేడల్లో ఇలాంటి దుకాణాలు కొన్ని వెలిశాయి. గోడ మీద నియాన్ దీపాల్లో కంపెనీ ధ్యేయం వెలుగుతూ ఉంటుంది: న్యాయాన్ని అందరికీ చేరువ చేయడం. దాని కిందే వేలిముద్ర యంత్రం. ఉద్యోగి లోపలికి వచ్చిన వేళ అందులో నమోదవుతుంది. వెళ్లిన వేళ నమోదు చేసే ఏర్పాటు లేదు. అడిగితే "మేం నమ్మకం మీద నడుస్తామండీ" అంటారు.

సరుకు సంగతి చెప్పాలి. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఏడాది పొడుగునా ఒప్పందాలు రాసుకుంటూనే ఉంటుంది. తేడా వస్తే నష్టపరిహారం ఎవరి నెత్తిన పడుతుంది, గడువు ఎప్పుడు తీరుతుంది, తగాదా ఏ ఊరి కోర్టుకు పోతుంది, ఇవన్నీ చదివి ప్రమాదకరమైన క్లాజుకు ఎరుపు, ఆలోచించదగ్గదానికి పసుపు, పర్వాలేదన్నదానికి ఆకుపచ్చ రంగు వేసి చూపించడం ఈ సాఫ్ట్‌వేర్ పని. మంచి పనే. జిల్లా, కింది కోర్టుల్లోనే 4 కోట్లకు పైగా కేసులు పేరుకుపోయిన దేశంలో, తగాదా పుట్టకముందే ఒప్పందం సరిచూసుకోమనేవాడిని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. మీరే చూస్తారుగా, ఆ ఆఫీసులో నిజాయితీ ఉన్నది దానికొక్కదానికే.

ఈ దుకాణంలో పనికి చేరేదెవరు? ఐదేళ్లు లా చదివి, బార్ కౌన్సిల్లో పేరు రాయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కి, నల్లకోటు కుట్టించుకున్న పిల్లలు. నాంపల్లి కోర్టులోనో ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టులోనో సీనియర్ గారి వెనక ఫైళ్లు మోస్తే నెలాఖరుకు చేతికందేది చాలా చోట్ల ఆశీర్వచనమే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వండని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. అది ఆదేశం కాదు, సూచన మాత్రమే. సూచనను గౌరవిస్తూనే పక్కన పెట్టడం ఎలాగో సీనియర్లకు ఒకరు నేర్పాలా? సరిగ్గా అప్పుడే స్టార్టప్ వాడు ఒకటో తారీఖు జీతం, ఇన్సూరెన్సు, మధ్యాహ్నం భోజనం అన్నాడు. కుర్రాడు చేరిపోయాడు. పూర్తికాలం జీతానికి పనిచేసేవాడు వకీలుగా ప్రాక్టీసు చేయకూడదన్నది బార్ కౌన్సిల్ నిబంధన గనక ప్రాక్టీసుకు అనుమతి పత్రమైన సన్నదును సస్పెండు చేయించుకుని మరీ చేరాడు. న్యాయాన్ని అందరికీ చేరువ చేసే చోట కాలు పెట్టాలంటే ముందు కోర్టుకు దూరం కావాలన్నమాట.

చేరిన రోజే ఈ-సైన్ లింకు వస్తుంది. "అపాయింట్‌మెంట్ ఆర్డరు పంపాను, లంచ్‌లోపు సంతకం పెట్టేయండి" అంటారు హెచ్ఆర్ మేడమ్. కుర్రాడు చదివింది లా కదా, చెయ్యి ఊరుకోదు. "మేడమ్, ఈ పద్నాలుగో క్లాజు గురించి ఒకసారి మాట్లాడొచ్చా?" అన్నాడు.

"అయ్యో, అది స్టాండర్డ్ ఫార్మాట్ అండీ. అందరూ అదే పెట్టారు."

అద్దం గోడకు అవతల, అదే నిమిషంలో, సేల్స్ కుర్రాడు హెడ్‌సెట్‌లో అమెరికా కస్టమరుకు చెప్తున్నాడు: "అవతలివాళ్లు స్టాండర్డ్ ఫార్మాట్ అన్నారంటే అక్కడే ఏదో దాచారని అర్థం సర్. మా ప్రొడక్ట్ దాన్నే పట్టుకుంటుంది."

పట్టుకుంటుంది కూడా. ఒక రాత్రి పని కాస్త పలచబడిన వేళ, ముగ్గురు జూనియర్లు తమ అపాయింట్‌మెంట్ ఆర్డరులో కంపెనీ పేరు చెరిపేసి దాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే ఎక్కించారు. యంత్రానికి అప్రైజల్ భయం ఉండదు. స్క్రీనంతా ఎరుపెక్కిపోయింది. ‘పోటీ సంస్థలో చేరరాదు: ఏకపక్షం, కోర్టులో నిలవదు.’ ‘జరిమానా: వాస్తవ నష్టంతో పొంతన లేదు.’ ‘నోటీసు గడువు: ఉద్యోగికి 90 రోజులు, కంపెనీకి 7 రోజులు. సమానం చేయమని కోరండి.’ ‘ఏ షరతునైనా ఏ సమయంలోనైనా కంపెనీ మార్చవచ్చు: అంగీకరించవద్దు.’ ఆకుపచ్చ రంగు ఒక్కచోటే కనబడింది, కంపెనీ చిరునామా దగ్గర. అట్టడుగున మర్యాదగా ఒక వాక్యం: ‘సంతకం చేసే ముందు న్యాయవాదిని సంప్రదించండి.’ ఆ గదిలో న్యాయవాదులంటే ఆ ముగ్గురే. ముగ్గురూ సంతకాలు పెట్టేసి ఉన్నారు.

మరుసటి వారం సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. విడుదల నోట్‌లో చిన్న గమనిక: ఉద్యోగ ఒప్పందాల విశ్లేషణ ప్రస్తుతానికి అందుబాటులో లేదు.

యంత్రం ఎరుపు వేసింది ఊరికే కాదు. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872 నాటిది. అప్పటికి టెలిఫోను పుట్టలేదు, స్టార్టప్ ఊసే లేదు. అయినా దాన్ని రాసినవాళ్లు ఫౌండరు గారిని ముందే చూసినట్టు 27వ సెక్షను పెట్టిపోయారు. చట్టం ఒప్పుకునే వృత్తినో వ్యాపారాన్నో చేసుకోనివ్వకుండా మనిషిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్ముకున్నవాడి విషయంలో మినహాయింపు ఉంది గానీ, మన కుర్రాడు అమ్ముకున్నది నిద్ర మాత్రమే. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో, 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్‌తో పర్సెప్ట్ డీమార్క్ సంస్థకు వచ్చిన తగాదాలో, బంధం తెగిపోయాక కూడా మనిషిని పట్టి ఉంచే షరతులను సుప్రీంకోర్టు అమలు చేయలేదు. ఉద్యోగం మానేశాక రెండేళ్లు ఇంకో లీగల్ టెక్ గడప తొక్కకూడదన్న క్లాజుకు కోర్టులో దక్కే విలువ ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ ముక్క ఫౌండరు గారికి తెలియదా? యంత్రానికి నేర్పించిందే ఆయన. మరి చెల్లని క్లాజును ఎందుకు రాయించారు? అక్కడే ఉంది ఈ వ్యాపారం ఆయువుపట్టు. కోర్టుకు వెళితే ఓడిపోయే క్లాజు, కోర్టు దాకా వెళ్లలేనివాడి మీద రోజూ గెలుస్తూనే ఉంటుంది. కుర్రాడికి కొత్త ఉద్యోగం దొరికిందని తెలియగానే అక్కడి హెచ్ఆర్‌కు ఒక ఈమెయిలు, ఖమ్మంలో ఉన్న ఇంటి అడ్రసుకు ఒక లీగల్ నోటీసు వెళ్తాయి. ఆ నోటీసు చూసిన తండ్రి ఫోను చేసి, "మనకెందుకు నాన్నా కోర్టు గొడవలు, ఇంకో ఏడాది ఓర్చుకో" అంటాడు. అయిపోయింది. వాదనలు లేవు, వాయిదాలు లేవు, అప్పీలు లేదు. ఇంత సత్వర న్యాయం అందిస్తున్నవాళ్లు, న్యాయాన్ని అందరికీ చేరువ చేస్తామని నియాన్ దీపాల్లో రాసుకున్నారంటే మరి రాసుకోరా?

బాండు కథ ఇంకా రుచిగా ఉంటుంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజున ఫౌండరు గారు ఆ వార్త స్క్రీన్‌షాటు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి, పక్కన దండం బొమ్మ తగిలించారు. మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండును కోర్టు సమర్థించిన మాట నిజం. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతు వేరు, వెళ్లిపోయాక వెంటాడే షరతు వేరు అని అదే తీర్పు గీత గీసింది. ప్రభుత్వరంగ బ్యాంకు బహిరంగ పోటీ పెట్టి మనుషులను ఎంచుకోవాలి, మధ్యలో ఒకరు పోతే ఆ తతంగమంతా మళ్లీ మొదలెట్టాలి అన్న సంగతినీ లెక్కలోకి తీసుకుంది. స్క్రీన్‌షాటులో ఆ భాగానికి చోటు చాలలేదు. పైగా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత అంకె వేసుకున్నా అది పైహద్దు మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. మన కంపెనీ ఐదు లక్షల బాండు దేనికంటే శిక్షణ ఖర్చులకట. శిక్షణ ఏమిటయ్యా అంటే, రెండు వీడియోలు, ఒక పాస్‌వర్డు, "పక్కనున్న అక్కని అడుగు" అన్న మార్గదర్శనం. ఆ అక్క పోయిన నెలే చేరింది.

పనివేళలకు వద్దాం. అమెరికా తూర్పు తీరంలో పొద్దున 9 అయ్యేసరికి మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కస్టమరు అప్పుడు నిద్రలేస్తాడు. ఆఫీసు మాత్రం మన లెక్కన పొద్దున పదింటికి తెరుస్తారు. రెండు ఖండాల పగళ్లూ ఒక్క మనిషే కాయాలి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 దాటకూడదని, దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చింది. ఫౌండరు గారు 10 దాకా చదివి కళ్లద్దాలు తీసేశారు. ఇంకా గట్టిగా అడిగితే, మాది ఐటీ సంస్థ అంటారు. ఐటీకి షాపుల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి మినహాయింపులిస్తూ వచ్చాయి గదా! కస్టమరుకు లాయర్ల బృందం, లేబర్ ఆఫీసుకు ఐటీ సంస్థ, ఇన్వెస్టరుకు ఏఐ కంపెనీ. ఉద్యోగికి ఏమిటంటారా? కుటుంబం.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు. ఆదివారాలతో కలిపి 90 అన్నట్టు ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాటలు 2025 జనవరిలో ఊరూవాడా మోగాయి. మన ఫౌండరు గారు ఆ వేలంపాటలో దిగలేదు. ఆయన గంటలు అడగరు, ‘ఓనర్‌షిప్’ అడుగుతారు. గంటలకైతే చట్టంలో ఎక్కడో ఒక హద్దుంది. ఓనర్‌షిప్‌కు హద్దు రాసే చట్టం ఇంకా పుట్టలేదు.

ఓనర్‌షిప్ అడిగినవాడు వాటా ఇవ్వాలిగా, ఇస్తారు. దాని పేరు ఈసాప్, అంటే కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు. చేతికి రావడానికి నాలుగేళ్లు. మొదటి ఏడాది నిండితే గానీ ఒక్కటీ రాదు. ఆ ఏడాది గడువు కంపెనీల నిబంధనల్లో ఉన్నదే, దానికి వంక పెట్టను. తతిమ్మా మెలికలన్నీ ఇంటి తయారీ. మానేస్తే 30 రోజుల్లో డబ్బు కట్టి షేర్లు తీసుకోవాలి, లేకపోతే గంగలో కలుస్తాయి. కట్టి తీసుకున్నావనుకో, ఆ రోజు విలువకూ నువ్వు కట్టినదానికీ తేడా ఎంతో అంతా నీకు జీతంలో భాగంగా లెక్కవేసి ఆదాయపన్ను వేస్తారు. మార్కెట్లో లేని కంపెనీ గనక ఆ షేరు ఎవరికీ అమ్ముకోలేవు. పన్ను మాత్రం నిజం డబ్బుతో కట్టాలి. అర్హత ఉన్న కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకు ఈ పన్నును వాయిదా వేసుకునే వెసులుబాటు 2020లో వచ్చింది గానీ, ఉద్యోగం మానేశావా, ఆ వాయిదా కూడా అక్కడితో సరి. అయినా ఈ కాగితాల విలువను సీటీసీలో కలిపి చూపిస్తారు. పెళ్లిచూపుల్లో తల్లి "మావాడికి కంపెనీలో వాటా ఉంది వదినగారూ" అని చెప్పుకోవడానికి పనికొస్తుంది. ఇప్పటిదాకా ఆ షేర్లు ఇచ్చిన డివిడెండు అదొక్కటే.

ఇక సరుకు లోగుట్టు. కస్టమరు ఫైలు ఎక్కించగానే స్క్రీను మీద చక్రం తిరుగుతూ ‘మా ఏఐ మీ ఒప్పందాన్ని చదువుతోంది’ అని వస్తుంది. చక్రం మరీ ఎక్కువసేపు తిరిగిందంటే ఏఐ కింద ఇరానీ చాయ్ తాగుతోందని గ్రహించాలి. ఈ ఏఐ అమీర్‌పేట హాస్టల్లో ఉంటుంది. దీనికి మెడ నొప్పి, కళ్ల మంట. చెల్లెలి పెళ్లికి రెండు రోజులు సెలవడిగితే "క్వార్టర్ ఎండ్ కదా, ల్యాప్‌టాప్ తీసుకెళ్లు" అని దీనికి చెప్తారు. తాళి కట్టే వేళ ఈ ఏఐ మండపం వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని న్యూజెర్సీ వాడి లీజు డీడులో నష్టపరిహారం క్లాజుకు పసుపు రంగు పూస్తోంది. ఇన్వెస్టరుకు చూపించే స్లైడులో మాత్రం ‘పూర్తి ఆటోమేషన్’ అని ఉంటుంది.

మనిషి కన్ను ఉండటంలో తప్పేమీ లేదు, ఉండి తీరాలి. చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో దాఖలు చేసినందుకు న్యూయార్క్ ఫెడరల్ జడ్జి 2023 జూన్‌లో వకీళ్లకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. యంత్రం రాసింది చదివి సరిచూసే మనిషి విలువ ఎంతో ఆ వకీళ్లను అడగాలి. ఆ మనిషిని దాచిపెట్టి, అతని పనిని యంత్రం ఖాతాలో వేసి, అతని జీతాన్ని ఖర్చు కింద వేసి, వచ్చే ఏడాది ఆ ఖర్చు తగ్గిస్తామని ఇన్వెస్టరుకు మాటివ్వడంలో ఉంది మోసం. ‘ప్రపంచపు తొలి రోబో లాయర్’ అని చాటింపు వేసుకున్న డూనాట్‌పే కంపెనీ, తన రోబో లాయరంత బాగా పనిచేస్తోందో లేదో పరీక్షించనే లేదని, అందుకోసం ఒక్క లాయరునైనా పెట్టుకోలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 సెప్టెంబరులో ఆ కంపెనీ 1,93,000 డాలర్లు కట్టి రాజీకొచ్చింది. వాళ్లు లాయర్లు లేకుండానే ఉన్నంత పని చేస్తామన్నారు. మనవాళ్లు లాయర్లను పెట్టుకుని లేరంటున్నారు. హైదరాబాదు తెలివి ఒక మెట్టు పైనే.

లాయర్ల ఖర్చు తగ్గించుకుంటే గట్టెక్కుతామన్న కథ ముగింపు కూడా లోకం చూసింది. లైవ్ వీడియో సంస్థ ట్విచ్ స్థాపకుల్లో ఒకరైన జస్టిన్ కాన్ 2017లో ఏట్రియం అనే లీగల్ కంపెనీ పెట్టారు. 7 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి వచ్చింది. 2020 జనవరిలో ఇక సాఫ్ట్‌వేరే ముఖ్యమని సొంత లాయర్లలో చాలామందిని పంపించేశారు. మార్చికల్లా దుకాణం కట్టేశారు. ఆ పాఠం మన ఫౌండరు గారు శ్రద్ధగా చదివినట్టున్నారు, పంపించడం వరకు.

పంపించే పద్ధతి కూడా చూడండి. మధ్యాహ్నం మూడింటికి ‘క్విక్ సింక్’ అని పిలుపు వస్తుంది. వీడియోలో హెచ్ఆర్ మేడమ్, పక్కన మాట్లాడని పెద్దమనిషి ఒకరు. "మిమ్మల్ని తీసేయట్లేదండీ. మీరే రాజీనామా పెడితే రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇస్తాం. తీసేశామని రాస్తే రేపు మీకే ఇబ్బంది కదా, మన ఫ్యామిలీ మెంబరనే చెప్తున్నా." రాజీనామా ఉత్తరం కూడా వాళ్లే టైపు చేసి ఉంచారు: వ్యక్తిగత కారణాల వల్ల, నా అంతట నేను, ఏ బలవంతమూ లేకుండా. బలవంతం లేదని ముందుగానే టైపు చేసి ఉంచిన ఉత్తరం కంటే బలవంతానికి మంచి సాక్ష్యం ఇంకేం కావాలి? ఇలాంటి వాక్యం కస్టమరు ఒప్పందంలో కనబడి ఉంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ సైరన్ మోగించేది. కుర్రాడు సంతకం పెట్టేలోపే ల్యాప్‌టాప్ లాకయింది. అదే సాయంత్రం ఆల్ హ్యాండ్స్ మీటింగులో ఫౌండరు గారు కొత్త కస్టమర్ల పేర్లు చదివి చప్పట్లు కొట్టించారు. "ఇక్కడ సారూ మేడమూ లేవు, నన్ను పేరు పెట్టి పిలవండి" అని మళ్లీ గుర్తుచేశారు. పేరు పెట్టి పిలిచి జీతం పెంపు అడిగినవాళ్లు ఆ వరసలో ఎవరూ మిగల్లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ పల్లకీ మోసేదీ ఆ ఈగలే.

ఫౌండరు గారూ, మీ మీద నాకు కోపం మీరు డబ్బు సంపాదిస్తున్నందుకు రాలేదు. వేగంగా ఎదుగుతున్నందుకూ రాలేదు. చట్టం తెలియనివాడు తప్పు చేస్తే చెప్పి సరిదిద్దవచ్చు. చెల్లదని తెలిసి రాయించిన క్లాజు, ఎదుటివాడు కోర్టుకెక్కలేడని లెక్కేసుకుని రాయించిన క్లాజు పొరపాటు కాదు, అది మీ రెండో ప్రొడక్టు. మొదటిది అమెరికాలో అమ్ముతున్నారు, రెండోదాన్ని మీ ఆఫీసులోనే ఉచితంగా పంచుతున్నారు. మీ యంత్రం మీద మీకే నమ్మకముంటే మీ అపాయింట్‌మెంట్ ఆర్డరును దానికి చూపించి, ఆ రంగుల కాపీని చేరబోయే ప్రతి మనిషికీ ఇవ్వండి. ఎరుపుగా మిగిలినవాటిని కొట్టేయండి. మీ ప్రకటన ప్రకారం దానికి పట్టేది ఒక్క నిమిషం.

వాళ్లు చేస్తారని నేను ఎదురుచూడను. కాబట్టి చివరి మాట మీకు, జూనియర్లకు. సస్పెండైంది మీ సన్నదు, చదువు కాదు. ఈసారి ఎవరైనా స్టాండర్డ్ ఫార్మాట్ అంటే వాదనకు దిగకండి. ఏ క్లాజు ఏ సెక్షను కింద చెల్లదో నాలుగు వాక్యాల్లో ఈమెయిలు రాసి, జవాబు కూడా ఈమెయిల్లోనే ఇమ్మని అడగండి. ఆ క్లాజు చెల్లుతుందని నోటితో బెదిరించడం వాళ్లకు తేలిక. అదే మాట రాసి, కింద తమ పేరు పెట్టి పంపమంటే మాత్రం, కంపెనీ లాయరే ముందుగా సెలవు పెడతాడు.